కొలువు చూపులు

ఆత్మబంధు టెక్నాలజీస్ అనే కంపెనీలో చేరినవాళ్ళు చేరినట్టే మానేసి వెళ్ళిపోతున్నారు. కొందరు ఏడాది తిరక్కుండా వెళ్ళారు. కొందరు మెడలో కార్డు పడకుండానే వెళ్ళారు. ఒకాయనైతే మధ్యాహ్నం భోజనానికని కిందికి దిగి, ఎదురు భవనంలో ఉద్యోగం చూసుకుని, సాయంత్రం గొడుగు కోసం మాత్రం తిరిగొచ్చాడు. యాజమాన్యానికి కంగారు పుట్టింది. మాదాపూర్ మొత్తం మీద అందరికంటే ఖరీదైన సలహాదారు ఎవరో ఆరా తీసి, డాక్టర్ పరాంకుశంగారిని పిలిపించింది.

పరాంకుశంగారు నెల్లాళ్ళు కంపెనీ కాఫీ తాగి, దిండంత నివేదిక ఇచ్చారు. అందులో అందరూ చదివింది ఒక్క పేరానే.

"ఈ దేశమందు మనుషులు ఉద్యోగములు మానుదురు గాని కాపురములు మానరు. కారణమేమి? ఉద్యోగమునకు ఇంటర్వ్యూ చేసి, ఏమి వచ్చునో అడిగి తీసుకొందుము. ఏదో ఒకటి వచ్చినవానికి మరియొక చోట కూడ గిరాకీ ఉండును గనుక వాడు వెళ్ళిపోవును. పెళ్ళిచూపులలో ఏమి వచ్చునో ఎవరును అడుగరు. అయినను ఆ పిల్ల నలుబది యేండ్లు ఆ యింటనే యుండును. కావున ఇంటర్వ్యూలు రద్దుచేసి, చూపుల విధానమును తక్షణము ప్రవేశపెట్టవలెను."

యాజమాన్యం చప్పట్లు కొట్టింది. 'మనది కంపెనీ కాదు, కుటుంబం' అని గోడలనిండా రాయించుకుని అప్పటికే చాలాకాలమైంది. ఆ మాట నిజం చేసుకునే యోగం ఇన్నాళ్ళకి పట్టిందని డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. మర్నాటికల్లా హోదాలు మారిపోయాయి. డైరెక్టరుగారు పెదనాన్నగారయ్యారు. మనుషుల్ని తీసుకునే విభాగానికి పెద్ద అయిన మృణాళినిగారు పెద్దత్తగారయ్యారు. మేనేజర్లందరూ, మీసాలున్నవాళ్ళతో సహా, ఆడపడుచులయ్యారు. వంకలు పెట్టడంలో వాళ్ళది ముందునుంచీ అందెవేసిన చెయ్యి కాబట్టి వేరే శిక్షణ అవసరం పడలేదు.

ఇవేవీ తెలియక ఆ కంపెనీకి దరఖాస్తు పెట్టినవాళ్ళలో హిమబిందు ఒకతె.

హిమబిందుది తణుకు. భీమవరంలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్ళు పనిచేసింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందో పట్టుకుని బాగుచెయ్యడం ఆమె పని. ఆ పనంటే ఆమెకి ప్రాణం. ఒకరోజు ప్రోగ్రాములు బాగానే ఉండి కంపెనీయే ఆగిపోయింది. అది మూతబడిన వారానికే తణుకులో వాళ్ళ నాన్న, ఎరువుల కొట్టు భీమేశ్వరరావు, సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాడు. వరసగా ఆరు చూపులు జరిగాయి. ఆరుసార్లూ ఆమె పట్టుచీర కట్టుకుని, కాఫీ ట్రే పట్టుకొచ్చి, తల వంచుకుని కూర్చుంది. ఆరుసార్లూ వచ్చినవాళ్ళు జీడిపప్పు పకోడీ శుభ్రంగా తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని వెళ్ళారు. పకోడీ అయిపోయేది, కబురు వచ్చేది కాదు.

ఏడోది నిడదవోలు సంబంధం. ఆ ఊరి పేరెత్తగానే హిమబిందు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఇంట్లో కురుక్షేత్రం జరిగి, చివరికి తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది.

"ఉగాది దాకా నీకు గడువమ్మాయ్" అన్నాడు భీమేశ్వరరావు. "ఉజ్జోగం వచ్చిందా, నీ పెళ్ళి మాట నువ్వెత్తేదాకా నేనెత్తను. రాలేదా, నిడదవోలోళ్ళ ముందు నోరెత్తకుండా కూచోవాలి. మళ్ళీ మాట మార్చడాలు లేవు."

"నువ్వు మార్చకు నాన్నా, అదే పదివేలు" అని హిమబిందు మర్నాడే రైలెక్కి, అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో చేరింది.

రోజులు గడుస్తున్నకొద్దీ గడువు దగ్గరపడుతోంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు రాలుతోందని తల్లి సత్యవతి ఫోనులో సంబరంగా చెప్పిన రోజునే ఆత్మబంధు నుంచి జవాబొచ్చింది. జీతం చూస్తే కళ్ళు తిరిగాయి. వెంట తేవలసినవి చూస్తే తిరిగిన కళ్ళు మళ్ళీ కుదురుకున్నాయి. నిలువెత్తు ఫోటో ఒకటి, పక్కకి తిరిగింది ఒకటి. పుట్టిన వేళ, నక్షత్రం, గోత్రం. మేనమామల వివరాలు. ఆడవాళ్ళకి పట్టుచీర, మగవాళ్ళకి పట్టుపంచె. 'ల్యాప్‌టాపులు తీసుకురారాదు. పూలు పెట్టుకోవచ్చును.'

దేన్ని తప్పించుకోవడానికి ఊరు వదిలి పారిపోయి వచ్చిందో, అది తనకంటే ముందే వచ్చి మాదాపూర్లో పన్నెండో అంతస్తులో కూర్చుని ఉందని హిమబిందుకి అర్థమైంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత, ఆరుసార్లు పరీక్ష రాసినదానికి ఏడోసారి ఆ ప్రశ్నపత్రమే చేతికిస్తే భయమెందుకనిపించింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అనుకుని పెట్టె అడుగున్న పట్టుచీర బయటికి తీసింది.

ఆత్మబంధు వారి నిరీక్షణ మందిరం పట్టుపంచెలతో కళకళలాడుతోంది. పక్క కుర్చీలో ఒకాయన, ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులతో పంచె పట్టుకుని కూర్చున్నాడు. పేరు సంపత్. ఊరు జమ్మికుంట. పదేళ్ళ అనుభవం ఉంది, పంచె కట్టడం మాత్రం ఇదే మొదలు.

"చెల్లె, కాఫీ ముందుగాల ఎవరికియ్యాలె? నడుమ కూసున్న సారుకా, పక్కన మేడమ్‌కా?"

"పెద్దాయనకివ్వండన్నా. ఇచ్చేటప్పుడు ఆయన మొహం చూడకండి, కప్పు చూడండి."

"కోడింగ్ ఏమన్న అడుగుతరా?"

"అడగరు. పాటొచ్చా?"

"జావా వస్తది. పాట రాదు" అన్నాడు సంపత్ దిగులుగా.

ఆయన్ని లోపలికి పిలిచారు. కాసేపటికి కప్పులు దొర్లిన చప్పుడైంది. బయటికి వచ్చేసరికి పంచె అంచు జరీ మీద కాఫీ మరక మెరుస్తోంది.

"ఏమడిగారన్నా?"

"నవ్వుమన్నరు. నవ్విన. పన్ను మీద పన్నున్నదని రాసుకున్నరు."

తర్వాత పిలుపు హిమబిందుకి. ఆమె ట్రే అందుకుని లోపలికి నడిచింది. సోఫా మధ్యలో పెదనాన్నగారు, ఆయన పక్కన పెద్దత్తగారు, ఆ పక్కన దట్టమైన మీసాలతో ఒక ఆడపడుచు. మధ్యవర్తి హోదాలో విడిగా పరాంకుశంగారు. హిమబిందు పెద్దాయనకి ముందు కాఫీ ఇచ్చింది, ఒక్క చుక్క సాసరులో పడనీయలేదు. పిలిస్తేగాని కూర్చోలేదు, కూర్చున్నాక తల ఎత్తలేదు. సోఫాలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ పేరేంటమ్మా?" అన్నారు పెద్దత్తగారు. పేరు రాసిన కాగితం ఆవిడ ఒళ్ళోనే ఉంది.

"హిమబిందండి."

"పాట వచ్చా?"

"ఒక కీర్తన వచ్చండి."

"పాడక్కర్లేదులే, వచ్చంటే చాలు. అలా ఆ ప్రింటరు దాకా ఓసారి నడిచి రామ్మా."

హిమబిందు ప్రింటరు దాకా నడిచి వెళ్ళి, దాన్ని తాకకుండా తిరిగొచ్చింది. మీసాల ఆడపడుచు ఆమె మడమల నుంచి జడ దాకా పరిశీలించి గొంతు సవరించుకున్నాడు.

"కోపం వస్తుందా?"

"రాదండి."

"ఏడాదంతా కష్టపడి చేశాక, ఈసారి జీతం పెంచడం లేదంటే?"

"పెద్దవాళ్ళు ఏం చేసినా మన మంచికేనండి."

ఆ జవాబుకి సోఫాలో ఒక తృప్తికరమైన కదలిక పుట్టింది. పెదనాన్నగారు పెద్దత్తగారి చెవిలో "లక్ష్మీకళ" అన్నారు. అక్కడితో ఆపితే బాగుండేది. కాని హిమబిందుకి ఆశ చావలేదు. ఎంతైనా ఉద్యోగం కదా, ఒక్క ముక్కయినా పని గురించి చెబుదామనిపించింది.

"నేను పాత కంపెనీలో చెడిపోయిన ప్రోగ్రాములు బాగుచేసేదాన్నండి. ఒకసారి ఏమైందంటే..."

పెద్దత్తగారు కప్పు కింద పెట్టారు.

"అడక్కుండానే చెబుతున్నావేమ్మా? పని వచ్చిన పిల్ల ఇంట్లో ఇమడదని మా నివేదికలోనే ఉంది."

"ఎంతో రాదండి" అంది హిమబిందు గబగబా. "పక్కవాళ్ళు చేస్తుంటే చూశానంతే."

"ఆఁ, అలా చెప్పు. హడలగొట్టేశావు."

పరాంకుశంగారు లేచి నిలబడి, "అభ్యర్థిని ప్రథమ వీక్షణము సంతృప్తికరముగా పరిసమాప్తమైనది" అని ప్రకటించారు. పెదనాన్నగారు చేతులు జోడించి, "మంచిదమ్మా, మేం ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అన్నారు. అది వాళ్ళ ఆఫీసే. సాయంత్రం దాకా వాళ్ళందరికీ డ్యూటీ అక్కడే. అయినా నలుగురూ లేచి, చెప్పులు తొడుక్కుని, లిఫ్టు దాకా వెళ్ళి, ఆమె దిగిపోయాక మళ్ళీ వచ్చి అదే సోఫాలో కూర్చున్నారు. విధానమంటే విధానమే.

ఆ తర్వాత వాకబు మొదలైంది. కంపెనీ మనుషులిద్దరు హెల్మెట్లు చంకలో పెట్టుకుని హాస్టలు చుట్టూ తిరిగారు. అమ్మాయి పొద్దున్నే లేస్తుందా, కంచం తనే కడుక్కుంటుందా, కరెంటు పోతే అరుస్తుందా అని ఇస్త్రీ బండి అతన్ని అడిగి రాసుకున్నారు. వార్డెన్ కోటేశ్వరమ్మ, ఇదేదో పెళ్ళి సంబంధమనుకుని, నాలుగు మంచి మాటలు చెబితే పుణ్యమని, "బంగారం లాంటి పిల్లండీ, తల వంచుకుని వెళుతుంది, తల వంచుకుని వస్తుంది" అంది. ఫోను చూసుకుంటూ నడవడం వల్ల అని మాత్రం చెప్పలేదు.

జాతకం కూడా చూశారు. హిమబిందు జాతకాన్ని ఆమెకి పైఅధికారి కాబోయే మేనేజరు జాతకంతో సరిపోల్చితే, గణాల దగ్గర కాస్త తేడా వచ్చింది. ఈమెది మనుష్యగణం, ఆయనది రాక్షసగణం. ఆ సంగతి జాతకం చూడకుండానే ఆఫీసులో ఎవర్నడిగినా చెప్పేవారు. చిన్న శాంతితో పోతుందని పరాంకుశంగారు తేల్చాక, పెద్దత్తగారు ఫోను చేశారు.

"అమ్మాయి మా అందరికీ నచ్చింది. ఇక పెద్దవాళ్ళం మాట్లాడుకోవాలి. మీ నాన్నగారిని తీసుకురామ్మా."

హిమబిందు ఆ కబురు తణుకు చేరవేస్తే భీమేశ్వరరావు నిర్ఘాంతపోయాడు. "నీ ఉజ్జోగానికి నేనెందుకే?" అన్నాడు. వెనకనుంచి సత్యవతి, "పిలిచినప్పుడు వెళ్ళాలండీ. వట్టి చేతుల్తో ఏం బావుంటుంది, పూతరేకులు పట్టికెళ్ళండి" అంది. మొత్తానికి ఉగాది వారం ఉందనగా ఆయన ఉతికిన పంచె కట్టుకుని, పూతరేకుల డబ్బాతో మాదాపూర్లో దిగాడు. కింద కాపలావాళ్ళు ఆయన మెడలో సందర్శకుడని కార్డు తగిలించి, పూతరేకుల్ని యంత్రంలో పెట్టి లోపలేముందో చూశారు. ఏమీ కనిపించలేదట. పూతరేకుల గొప్పతనమే అది కదా అనుకున్నాడు భీమేశ్వరరావు.

పైన సోఫా వాళ్ళది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు వీళ్ళవి. భీమేశ్వరరావు ఆరుసార్లు తన సొంత ఇంట్లోనే కుర్చీ అంచు మీద కూర్చున్న మనిషి. ఇక్కడా అలవాటుగా అంచునే కూర్చుని, చేతులు కట్టుకున్నాడు.

"అమ్మాయికి జలుబు చేసే అలవాటుందాండీ?" అన్నారు పెద్దత్తగారు, పూతరేకు విరుస్తూ.

"ఆయ్, లేదండి. చిన్నప్పట్నుంచీ గట్టి పిల్లండి."

"మీ వంశంలో రాజీనామా చేసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

భీమేశ్వరరావు నిజాయితీగా ఆలోచించాడు. "మా పినతండ్రిగారొకాయన పాల సొసైటీ ప్రెసిడెంటు పదవికి రాజీనామా చేశారండి."

సోఫా అంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. మీసాల ఆడపడుచు నోటి దగ్గర పూతరేకు ఆగిపోయింది.

"తండ్రి వైపేనా?" అన్నారు పరాంకుశంగారు గంభీరంగా.

"ఆయ్. కానండీ, మళ్ళీ ఆర్నెల్లకి ఆ పదవిలోనే కూచున్నారండి."

"హమ్మయ్య. అయితే అది తాత్కాలిక చాంచల్యమే గాని వంశపారంపర్య దోషము కాదు" అని పరాంకుశంగారు రాసుకున్నారు. భీమేశ్వరరావు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆ గదిలో చలికి వణుకు పుడుతుంటే ఆయనకి చెమటలు పడుతున్నాయి.

ఇక ఇచ్చిపుచ్చుకోవడాలు. "మాకేం వద్దండీ, భగవంతుడి దయవల్ల అన్నీ ఉన్నాయి" అన్నారు పెద్దత్తగారు. "మీ అమ్మాయికి మీరు ముచ్చటపడి ఏం పెట్టుకుంటే అదే. ల్యాప్‌టాపు, కుర్చీ మాత్రం మీవే. చేరాక మూడేళ్ళు కదలకూడదు, ఏడాదికో ముడి అన్నమాట. ఆషాఢంలో మాత్రం పుట్టింటికి పంపిస్తాం. అక్కణ్ణుంచే పని చేసుకోవచ్చు. రాత్రీ పగలూ."

"మీ ఇష్టమండి" అన్నాడు భీమేశ్వరరావు.

పళ్ళెంలో ఆకులు, వక్కలు, నియామక పత్రం వచ్చాయి. ఆ కాగితం చేతికొస్తే చాలు. నిడదవోలు లేదు, ఏడో పట్టుచీర లేదు. పరాంకుశంగారు పళ్ళెం మీద చెయ్యి అడ్డుపెట్టారు.

"ఒక్క అంశము మిగిలినది. కాలము మారినది. మా విధానమునందు అమ్మాయి అభిప్రాయమునకు సైతము సముచిత స్థానము కల్పించబడినది. ఏమమ్మా, నువ్వేమైనా మాట్లాడవలెనా?"

ఈ ప్రశ్న కూడా హిమబిందుకి కొత్తకాదు. ఇంట్లో ఆరుసార్లూ చివర్లో ఎవరో ఒక మేనమామ అడిగేవాడు, "అబ్బాయితో ఏమైనా మాట్లాడతావా అమ్మా?" అని. అమ్మ వెనకనుంచి జబ్బ మీద గిల్లేది. ఆమె "ఏం లేదండి" అనేది. అందరూ సంతోషించేవారు. ఇప్పుడు గిల్లడానికి అమ్మ లేదు. నాన్న మాత్రం కళ్ళతో గిల్లుతున్నాడు. అవతల పళ్ళెంలో ఉద్యోగం ఉంది. ఏం లేదండి అంటే చాలు, అది ఆమెది.

కాని ఆమెకి ఒళ్ళు మండింది. నిడదవోలు వాళ్ళ ముందు నోరు మూసుకోకుండా ఉండటానికి ఇక్కడ నోరు మూసుకోవాలన్నమాట. ఈ భాగ్యానికి రైలు చార్జీ ఒకటి దండగ.

"ఉందండి" అంది తల ఎత్తి. "నేను చెయ్యబోయే పనితో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడాలి."

పరాంకుశంగారు నివేదిక ముందుకీ వెనక్కీ తిప్పారు. "ప్రశ్న మాత్రమే పొందుపరచబడినది" అన్నారు చివరికి. "జవాబు రాగలదని ఊహించబడలేదు."

"పనితోనా? చేరకముందేనా?" అన్నారు పెద్దత్తగారు చెంపలు నొక్కుకుంటూ. "అయ్యో అయ్యో, ఏం పిల్లండీ!"

భీమేశ్వరరావు కూతురి వైపు చూశాడు. ముందు కోపమే వచ్చింది. తర్వాత ఎదుటివాళ్ళు నీళ్ళు నమలడం గమనించాడు. ఎరువుల కొట్లో పాతికేళ్ళుగా బేరాలు చూస్తున్న మనిషి. సరుకు చూపించమంటే నీళ్ళు నమిలేవాడి దగ్గర సరుకుండదని ఆయనకి తెలుసు.

"పిల్ల అడిగిందిగా, చూపించేద్దురూ" అన్నాడు. "మేవూ ఓపాలి చూసుకుంటాం."

పెదనాన్నగారు వేరే దారిలేక లేచి, పక్క హాలు తలుపు తీశారు. లోపల వరసలు వరసలుగా బల్లలు, బల్లల వెనక పట్టుచీరలు, పట్టుపంచెలు. కంప్యూటర్లు లేవు. వాడిన మల్లెపూల వాసన గుప్పుమంది. మూడో వరసలోంచి ఒకాయన చెయ్యి ఊపాడు.

"చెల్లె! నన్ను గూడ తీసుకున్నరు. పన్ను మీద పన్నుంటే అదృష్టమట."

"ఏం పని చేస్తున్నారన్నా?" అంది హిమబిందు.

"కూసునుడే" అన్నాడు సంపత్. "ఇంక ముహూర్తం రాలే. జీతం గూడ ముహూర్తం అయినంకనే అంటున్నరు."

భీమేశ్వరరావు పెదనాన్నగారి వైపు తిరిగాడు. "వీళ్ళందరూ మీకు నచ్చినోళ్ళేనాండి?"

"అందరూ నచ్చినవాళ్ళే."

"మరి పని?"

పెదనాన్నగారు గోడ మీది 'కుటుంబం' అన్న మాటకేసి చూస్తూ నిలబడ్డారు. తర్వాత చిన్న గొంతుతో చెప్పారు. "వస్తుందండి. పోయిన శ్రావణంలో ఒక పెద్ద క్లయింటు మమ్మల్ని చూసుకోవడానికి వచ్చాడు. పనంతా మనకే ఇస్తాడనుకున్నాం. జీడిపప్పు పకోడీ వేయించాం. నేను ప్రింటరు దాకా నడిచి కూడా చూపించాను."

"ఏమన్నారండి?"

"ఇంటికెళ్ళి కబురు చేస్తామన్నారు."

భీమేశ్వరరావుకి ఆయన మీద మొదటిసారి జాలేసింది. అంత పెద్ద భవనంలో, అంత మంచి సూటులో, అచ్చం తనలాగే వీధి గుమ్మంకేసి చూస్తూ కూర్చున్న మనిషి. భుజం మీద చెయ్యి వేశాడు.

"రాదండి" అన్నాడు మెల్లిగా. "ఆరుసార్లు చూశాను. ఆ మాటన్నాక రాదండి."

పెదనాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. పరాంకుశంగారు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇది నిరాశావాదము. ఈ విధానము ప్రవేశపెట్టిన నాటి నుండి నేటి వరకు ఈ సంస్థలో ఒక్క రాజీనామా కూడ నమోదు కాలేదు. ఇంతకంటె విజయమేమున్నది?"

"చేరితే కదండీ మానడానికి" అంది హిమబిందు.

"ఏదైతేనేం, అమ్మాయి మాకు నచ్చింది" అని పెద్దత్తగారు పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చారు. "తాంబూలాలు పుచ్చుకుందామా? నాలుగో వరసలో సీటు ఖాళీగా ఉంది, ఫ్యాను కింద."

హిమబిందు ఆ కాగితాన్ని చూసింది. ఎలా చూసినా అది ఉద్యోగమే. ముద్ర ఉంది, సంతకం ఉంది, నాన్నకి చూపిస్తే ఒప్పందం ప్రకారం తను గెలిచినట్టే. నాన్న కూడా నీ ఇష్టమన్నట్టు నిలబడ్డాడు. ఆమె ఫ్యాను కింద ఖాళీ సీటు చూసింది, సంపత్ పంచె మీద ఆరిపోయిన కాఫీ మరక చూసింది. తర్వాత చేతులు జోడించింది.

"మేం ఇంటికెళ్ళి కబురు చేస్తామండి."

భీమేశ్వరరావు సోఫా దగ్గరికెళ్ళి, సగం మిగిలిన పూతరేకుల డబ్బా మూతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆడపిల్ల తండ్రి తెచ్చిన మిఠాయి తిరిగి పట్టుకెళ్ళడం ఆ కులంలోనూ ఈ కులంలోనూ ఎక్కడా జరిగి ఉండదు. మీసాల ఆడపడుచు చేతిలో ఉన్న ముక్క గబుక్కున నోట్లో వేసుకున్నాడు.

కింద బస్సు ఆగేచోట ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. భీమేశ్వరరావు ఒక పూతరేకు తీసి తిన్నాడు. పంచదార పొడి మీసాల మీద పడింది. తుడుచుకోలేదు.

"మీ వంశంలో రాజీనామాలున్నాయా అని అడుగుతుందా! నా ఒళ్ళు మండిపోయిందనుకో" అన్నాడు. "నేను ఆవిడకి ఆయ్ ఆయ్ అంటం ఏవిటే? నా ఇంటి సంగతి ఆవిడకెందుకు?"

"పాలకొల్లు వాళ్ళొచ్చినప్పుడు, ఆయనెవరో నన్ను పెరటి గుమ్మం దాకా నడవమన్నాడు నాన్నా" అంది హిమబిందు. "నువ్వు పక్కనే ఉన్నావు. నడవమ్మా అన్నావు."

బస్సొకటి వచ్చి వెళ్ళిపోయింది. రెండో పూతరేకు చేతిలోనే నలిగి పొడైపోయింది. సిగ్గేసింది ఆయనకి, కూతురి మొహం చూడలేనంత సిగ్గేసింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. నిడదవోలు పెద్దమనిషి.

"ఉగాది వెళ్ళగానే ఆదివారం అమ్మాయిని చూసుకోవడానికి వస్తామండి" అంటున్నాడు, పక్కనున్న హిమబిందుకి కూడా వినిపించేంత గట్టిగా. ఆమె చీర కుచ్చెళ్ళు చూసుకుంటూ కూర్చుంది. మాటంటే మాటే, ఉద్యోగం రాలేదు.

"ఆయ్, రండి" అన్నాడు భీమేశ్వరరావు. "అయితే మా అమ్మాయి ముందు మీ అబ్బాయితో మాట్లాడాలంటుందండి. ఆ అబ్బాయికేం చేతవునో, ఏం చెయ్యాలనుకుంటున్నాడో అడుగుద్దంట. వీలైతే గుమ్మం దాకా నడిపించి చూస్తాం. ఆ తర్వాత మేం ఇంటికెళ్ళి కబురు చేస్తాం."

"అదేంటండీ? వచ్చేది మేం కదా, ఇంట్లోనే ఉండి మీరు ఇంటికెళ్ళడమేంటి?"

"అదంతేనండి. హైదరాబాదులో కొత్త విధానం వచ్చింది" అని భీమేశ్వరరావు ఫోను పెట్టేశాడు.

హిమబిందు తలెత్తి చూసింది. "నాన్నా, ఉగాది..."

"ఉగాదన్నాను. ఏ ఉగాదో అన్నానా?" అని ఆయన కసురుకున్నాడు. "ఏటా వత్తానే ఉంటది. మీసాల మీదేదో పడ్డట్టుంది, చూడు."

నిడదవోలు నుంచి మళ్ళీ కబురు రాలేదు. ఆత్మబంధు నుంచి మాత్రం వారం వారం వస్తూనే ఉంది, 'మీ కబురు కోసం ఎదురుచూస్తున్నాం, ఫ్యాను కింద సీటు అలాగే ఉంచాం' అని. పరాంకుశంగారు వేరే కంపెనీకి వెళ్ళిపోయారని, ఆ విధానం వచ్చాక మొట్టమొదటి రాజీనామా ఆయనదేనని సంపత్ ఫోను చేసి చెప్పాడు.

ఉగాది వెళ్ళాక హిమబిందు మూసాపేటలో టైర్ల కొట్టు మీద ఒక చిన్న కంపెనీకి వెళ్ళింది. పైన ఉన్నది నలుగురు. హవాయి చెప్పులేసుకున్న యజమాని గోత్రం అడగలేదు, కనీసం కూర్చోమని కూడా అనలేదు. "ఆస్పత్రుల బిల్లులేసే ప్రోగ్రాము పొద్దున్నుంచి ఆగిపోయిందమ్మా, చూడగలరా?" అన్నాడు. ఆమె చూసింది. తప్పు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఆకలి సంగతి కూడా ఆమెకి గుర్తులేదు. ప్రోగ్రాము నడిచింది. యజమాని ఊపిరి పీల్చుకుని, జీతమెంతో చెప్పి, "రేపట్నుంచి వస్తారా?" అన్నాడు.

హిమబిందు కాసేపు ఆగింది, ఇంకేమైనా అడుగుతాడేమోనని. అతనేమీ అడగలేదు. పనితో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడాలని చెప్పబోయి, పొద్దున్నుంచీ మాట్లాడుతున్నది దాంతోనేనని గుర్తొచ్చి నవ్వుకుంది.

"వస్తానండి" అంది.

మెట్లు దిగుతూనే ఇంటికి ఫోను చేసింది. నాన్న ఊళ్ళో అందరికీ వినిపించేలా కేకేశాడు. తర్వాత అమ్మ ఫోను అందుకుంది.

"ఒక్క చూపులోనే ఒప్పేసుకున్నారా?" అంది సత్యవతి అనుమానంగా. "నడవమనలేదా? జాతకం అడగలేదా? వట్టి పని చూసి ఒప్పుకున్నారా? నాకేదో తేడాగా ఉందే అమ్మాయ్. అంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే వాళ్ళలోనే ఏదో లోపం ఉండుంటుంది. తొందరపడకు, నాన్నగారిని పంపించి వాకబు చేయిస్తాను."